మయోన్ నీడలో బికోలానోలు

మిత్రులారా, ఫిలిప్పీన్స్ అనగానే మనకు మనీలా గుర్తొస్తుంది. మెడిసిన్ చదవడానికి వెళ్లిన మన పిల్లల పుణ్యమా అని దావావ్ పేరూ తెలుసు. బికోల్ పేరు మాత్రం పెద్దగా వినపడదు. అందుకే ఈ నాలుగు మాటలు.

బికోల్ అంటే మనీలా ఉన్న లూజాన్ దీవికి ఆగ్నేయ కొసన ఉన్న నేల, పక్కనే కటాండ్వానెస్, మస్బాటే దీవులు. అంతా కలిపి ఆరు ప్రావిన్సులు. పసిఫిక్‌లో పుట్టిన తుఫాన్లు తరచూ ముందు తాకేది ఇక్కడి జనాన్నే, అంటే బికోలానోలనే. అది చాలదన్నట్టు నడిమధ్య మయోన్ అగ్నిపర్వతం. 1814 ఫిబ్రవరి 1న అది బద్దలైతే సుమారు 1,200 మంది పోయారు. కగ్సావా ఊళ్లో ఇవాళ ప్రధానంగా మిగిలింది చర్చి గంట గోపురమే. అయినా జనం కొండను వదల్లేదు. అబాకా (అరటి జాతి మొక్క) నార, కొబ్బరి, వరి ఇచ్చే నేలను వదిలి ఎక్కడికి పోతారు?

ఎండబెట్టిన చేమాకును కొబ్బరిపాలలో, మిరపకాయలు దట్టించి, నూనె తేలేదాకా ఉడికిస్తారు. లాయింగ్ అంటారు. కారం విషయంలో బికోలానో మన గుంటూరు పంక్తిలో ధైర్యంగా కూర్చోగలడు.

ఇక మనుషులు. స్పెయిన్ పాలనను కలంతో ఎదిరించిన హోసే మరియా పంగనిబన్ 1890లో బార్సిలోనాలో క్షయతో పోయాడు, ఇంకా ముప్ఫై నిండకుండానే. నోరా ఔనోర్ చిన్నప్పుడు ఇరిగా రైల్వే స్టేషన్లో మంచినీళ్లు అమ్మింది. తర్వాత దేశమంతా ఆరాధించిన నటి అయింది. 2022లో జాతీయ కళాకారిణి గౌరవం దక్కింది.

నాకు అందరికన్నా నచ్చిన మనిషి జెస్సీ రొబ్రెడో. 1988లో, ముప్ఫై నిండకముందే బికోల్‌లోని నాగా నగరానికి మేయరయ్యాడు. కాళ్లకు మామూలు చెప్పులు. వరద తీశాక పార పట్టి బురద ఎత్తే మేయరు. 2000లో మెగసెసే అవార్డు వచ్చింది. మూడేళ్ల తర్వాత మన శాంతా సిన్హా గారు అందుకున్నదీ అదే. 2012 ఆగస్టులో, కేంద్రమంత్రిగా ఉండగా, నాగాలోని ఇంటికి వస్తుంటే విమానం మస్బాటే దగ్గర సముద్రంలో కూలిపోయింది.

ఆయన భార్య లెనీ లాయరు. 2016లో మార్కోస్ జూనియర్‌ను ఓడించి దేశ ఉపాధ్యక్షురాలయ్యారు. 2022లో అధ్యక్ష ఎన్నికలో ఆయన చేతిలోనే ఓడిపోయారు. 2025లో నాగా మేయరుగా పోటీ చేసి గెలిచారు. మన దగ్గర ఉపరాష్ట్రపతిగా చేసినవారు మున్సిపాలిటీకి నామినేషన్ వేస్తే పార్టీ ఆఫీసుల్లో ఎంత టెన్షనో ఊహించుకోండి.