పెళ్లి కాగితం లేని జంటకి ఏ కాగితాలు కావాలి?

నమస్తే అండి. ఇద్దరు అమ్మాయిలు జంట అనుకుందాం, విజయనగరంలో ఒకే ఇంట్లో అద్దెకి ఉంటన్నారు, ఒకరు టీచరు, ఇంకొకరికి టైలరింగ్ షాపు. నెల్లిమర్ల వైపు ఒక ప్లాట్ కొన్నారు, డబ్బులు ఇద్దరివీ, రిజిస్ట్రేషన్ మాత్రం టీచరమ్మ పేరునే, లోన్ తొందరగా వస్తదని. రేపు ఆవిడకి ఏదైనా అయితే ప్లాట్ ఎవరిది? 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం పెళ్లి, పిల్లలు లేని అమ్మాయి వీలునామా రాయకుండా పోతే ఆస్తి అమ్మానాన్నలకి పోతది. టైలరమ్మకి ఒక్క గజం రాదు. ఇద్దరూ అబ్బాయిలైతే పోయినాయన ఆస్తి మొత్తం వాళ్లమ్మది, ఆవిడ లేకపోతేనే నాన్నకి.

ఇద్దరమ్మాయిలో ఇద్దరబ్బాయిలో ఇష్టపడి కలిసుండటం సెక్షన్ 377 కింద నేరంగా ఉండేది, 2018లో అది నేరం కాకుండా పోయింది, 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకి పెళ్లి హక్కు మాత్రం లేదంది. 2024 డిసెంబర్లో మన ఏపీ హైకోర్టు విజయవాడలో ఉండే ఇద్దరమ్మాయిల కేసులో, వాళ్ల జోలికి పోవద్దని తల్లిదండ్రులకి చెప్పింది. అంటే ఏటంటే, కలిసి బతకొచ్చు గానీ వారసులు కారు. ఆ గేప్ కాగితాలతోనే పూడ్చుకోవాలి.

బ్యాంకు పని సులువు. జాయింట్ అకౌంట్ తియ్యడానికి, పార్ట్‌నర్‌ని నామినీగా పెట్టడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో ఆర్బీఐ క్లియర్‌గా చెప్పింది. కానీ నామినీ అంటే ఓనర్ అనుకోకండి బాబూ! డబ్బు చేతికొస్తది, వారసులు కేసేస్తే ఇచ్చేయాలి. ఇన్సూరెన్స్‌లో కూడా అంతే, భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతేనే డబ్బు వాళ్ల సొంతం.

జీపీఏ, అంటే నా తరఫున నువ్వు పనులు చెయ్యొచ్చని ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ, రాసుకున్నాం చాలు అంటారు కొందరు. మనిషి పోతే జీపీఏ పోయినట్టే, మతి తప్పినా పనికిరాదు, అంటే సరిగ్గా అవసరమైన రోజునే చెల్లదు. హాస్పిటల్లో "పేషెంట్‌కి మీరేటవుతారు?" అని అడుగుతారు కదా, దానికి లివింగ్ విల్, అంటే ఆఖరి స్టేజ్‌లో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే కాగితం, కొంతవరకు ఉంది, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీ దగ్గరో గెజిటెడ్ ఆఫీసర్ దగ్గరో అటెస్ట్ చేయించాలి, 2023 నుంచి రూల్ ఇలగే ఉంది. కానీ అది వెంటిలేటర్ లాంటి ఆఖరి స్టేజ్ నిర్ణయాలకే, అపెండిక్స్ ఆపరేషన్‌కి కాదు.

అసలు పని చేసేది వీలునామా. స్టాంప్ పేపర్ అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. మీరు సంతకం పెట్టాలి, అది చూసిన ఇద్దరు సాక్షులు మీ ఎదురుగా సంతకాలు పెట్టాలి. రిజిస్ట్రేషన్ కంపల్సరీ కాదు గానీ నన్నడిగితే చేయించేయండి, ఎందుకంటే రేపు అన్నదమ్ములు "ఇది మా చెల్లి సంతకమే కాదు" అంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పడిన ఫొటో, వేలిముద్ర మాట్లాడతాయి. సాక్షులు మీకన్నా వయసులో చిన్నోళ్లైతే మంచిది, కోర్టుకొచ్చి చెప్పడానికి బతికుండాలి కదా మరి! పార్ట్‌నర్‌ని సాక్షిగా పెట్టకండి. ఇంట్లో వాళ్లకి ఎందుకివ్వట్లేదో ఒక్క ముక్క రాయండి, లేకపోతే ఎవరో బెదిరించి రాయించుకున్నారంటారు.

ఇంకోటి, దస్తావేజులు రాసేటాయన మీ నాన్నకి తెలిసినోడే అయ్యుంటాడు, మన ఊళ్లు అంతే. "ఈ అమ్మాయి మీకేటవుద్దమ్మా?" అంటే ఫ్రెండ్ అనండి. వీలునామాలో బంధుత్వం రాయాలని చట్టంలో ఎక్కడా లేదు, ఆధార్‌లో ఉన్న పేరు, తండ్రి పేరు, అడ్రస్ కరెక్టుగా ఉంటే సరిపోద్ది. మొహమాటంగా ఉంటే శ్రీకాకుళమో వైజాగో పోయి అక్కడి లాయర్ చేత రాయించుకోండి, ఒరిజినల్ మాత్రం పుట్టింటి బీరువాలో పెట్టకండి.