ఆఫర్ లెటర్‌లో జీఈటీ అని ఉంటుంది, మరి చేసే పని ఏది?

(తెరపై: రేణిగుంట నుంచి ఏర్పేడు వైపు వెళ్లే రోడ్డు, పక్కన ఫ్యాక్టరీల బోర్డులు)

తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఏసీలు, మెట్రో రైలు బోగీలు తయారవుతాయి. కరకంబాడిలో బ్యాటరీలు. రేణిగుంట, ఏర్పేడు చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్. వీటిలో ఎక్కడ చేరినా కొత్త బీటెక్ పిల్లలకు ఇచ్చే హోదా ఇంచుమించు ఒకటే: గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీ, అందరూ అనే మాటలో జీఈటీ. ఇంట్లో వాళ్లు “ఏం పని నాయనా?” అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. తప్పు వాళ్లది కాదు, ఆ పేరులో పని ఏంటో చెప్పే ముక్కే లేదు.

పని తెలియాలంటే ఒక తప్పు జరిగిన రోజు చూడాలి.

(తెరపై: ఏసీ తయారీ లైన్, రాగి గొట్టాల మీద బ్రేజింగ్ మంట)

ఏసీలో రాగి గొట్టాలను బ్రేజింగ్‌తో, అంటే మంటతో వేరే లోహాన్ని కరిగించి, అతికిస్తారు, ఆ తర్వాత లీక్ టెస్ట్ చేస్తారు. ఒక ఉదయం షిఫ్ట్‌లో లీకులు పెరిగాయి అనుకుందాం. ప్రొడక్షన్ ఇంజినీర్ ముందున్న ప్రశ్న: లైన్ నడపాలా, ఆపాలా? నడిపితే పాడైన సరుకు పోగవుతుంది, ఆపితే టార్గెట్ పోతుంది. క్వాలిటీ ఇంజినీర్ ప్రశ్న వేరు: చివరిసారి అన్నీ బాగున్నాయని తేలింది ఎప్పుడు? అప్పటి నుంచి వచ్చిన ప్రతి యూనిట్‌నూ హోల్డ్‌లో, అంటే బయటికి పంపకుండా పక్కన, పెట్టాలి. ఇంకో పని కూడా ఉంది, దీన్నే కొత్తవాళ్లు మరిచిపోతారు. టెస్ట్ మెషిన్ నిజం చెబుతోందా? ఎంత లీక్ అవుతుందో ముందే తెలిసిన నమూనా, అంటే మాస్టర్ పీస్, పెట్టి చూడాలి.

మెయింటెనెన్స్ వాళ్లు గ్యాస్ ప్రెజర్, నైట్రోజన్ ఫ్లో చూస్తారు. అతికించేటప్పుడు గొట్టం లోపల నైట్రోజన్ పారకపోతే రాగికి లోపల నల్లటి ఆక్సైడ్ పొర పడుతుంది, అది తర్వాత ఊడి వ్యవస్థలో అడ్డం పడుతుంది. ప్రాసెస్ ఇంజినీర్ వచ్చి, ఈ తప్పు మళ్లీ రాకుండా ఎస్‌ఓపీలో, అంటే పని ఎలా చేయాలో రాసిన పత్రంలో, ఏం మార్చాలో తేలుస్తాడు.

నలుగురూ ఇంజినీర్లే, లీక్ ఒకటే. ఎవరి చేతిలో ఏ నిర్ణయం ఉందో అదే వాళ్ల రోల్.

(తెరపై: రెండు వాక్యాలు ఒకదాని కింద ఒకటి)

ఇక నైపుణ్యం సంగతి. మేనేజర్‌కు ఇద్దరు ట్రైనీలు ఫోన్ చేశారు. ఒకరు: “సార్, లీకులు చాలా వస్తున్నాయి.” ఇంకొకరు: “సార్, 400 యూనిట్లకు 12 లీకులు. వాటిలో 9 ఒకే జాయింట్‌లో, ఆ తొమ్మిదీ రెండో స్టేషన్ నుంచే.” రెండో ట్రైనీకి కారణం ఇంకా తెలియదు. అయినా ఎటు వెతకాలో చెప్పేసింది. మొదటి ఏడాదిలో నేను గొప్పగా లెక్కపెట్టేది ఈ ఒక్క గుణమే, సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్లు దీని తర్వాతే.

ఆ 9 రెండో స్టేషన్‌వే అని ఆమెకు ఎలా తెలిసింది? ఆపరేటర్‌ను అడిగింది. “ఈ పొద్దు మంట తేడాగా ఉంది మేడమ్, పొద్దున్నే చెప్తే ఎవురూ పట్టించుకోలే” అన్నాడాయన. డిగ్రీ లేని ఆ అన్నకు ఆ బ్రేజింగ్ టార్చ్ గురించి మనకంటే ఎక్కువ తెలుసు. శ్రీసిటీ తమిళనాడు సరిహద్దులోనే ఉంది కాబట్టి కొంచెం తమిళం వస్తే ఇంకా మంచిది, అక్కడ అదీ ఒక అర్హతే!

కాలేజీలో కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ ఫైళ్ల కోసం పీఓలు (కోర్సు అయ్యేసరికి విద్యార్థికి రావాల్సిన సామర్థ్యాలు) అంటూ పేజీలు నింపించారు గుర్తుందా? ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే ఒప్పందం వాషింగ్టన్ అకార్డ్‌లో భారత్ 2014లో శాశ్వత సభ్యదేశమైంది, ఆ జాబితాకు మూలం అక్కడుంది. అందులో కమ్యూనికేషన్, టీమ్ వర్క్, ఎథిక్స్ అని ఉంటే నవ్వుకున్నాం. పైన ఫోన్‌లో మాట్లాడింది అవే.

ఒక లెక్క మాత్రం ఇంటర్వ్యూకి ముందే చేతికి అలవాటు చేసుకోండి, ఓఈఈ, అంటే మెషిన్ మొత్తం మీద ఎంత బాగా పనిచేసిందో చెప్పే శాతం. మెషిన్ నడిచిన సమయం 90 శాతం, వేగం 95 శాతం, మంచి సరుకు 98 శాతం అయితే మూడూ గుణించండి: 83.8 శాతం. విడివిడిగా బాగానే కనిపించే మూడు అంకెలు కలిస్తే ఎంత కిందికి వస్తాయో చూశారుగా.

(తెరపై: మెయిన్ స్విచ్‌కు వేసిన తాళం, ట్యాగ్)

మరమ్మతు జరిగేటప్పుడు ఎవరూ కరెంటు ఇవ్వకుండా స్విచ్‌కు వేసిన తాళం వేసినవాళ్లే తీయాలి. సీనియర్ తొందరపెట్టినా ట్రైనీ దాన్ని ముట్టకూడదు. “ఇది నా అధికారంలో లేదు సార్” అనడం కూడా సామర్థ్యమే.

(తెరపై: రెండు లెటర్లు పక్కపక్కన)

చివరగా లెటర్ మళ్లీ చదవండి. ట్రైనీ అని ఉందా, అప్రెంటిస్ అని ఉందా? గ్రాడ్యుయేట్ అప్రెంటిస్ అయితే 1961 అప్రెంటిసెస్ చట్టం కింద శిక్షణ. సాధారణంగా ఏడాది ఉంటుంది, ఇచ్చేది జీతం కాదు స్టైపెండ్, ముగిశాక సర్టిఫికెట్ వస్తుంది. ఉద్యోగం దానంతట అదే రాదు. ఆ అనుభవం పనికొస్తుంది, చేరొద్దని అనడం లేదు. కానీ హెచ్‌ఆర్‌ను సంతకానికి ముందే అడగండి: శిక్షణ అయ్యాక తీసుకునే పద్ధతి ఏంటి, ఏ డిపార్ట్‌మెంట్‌లో వేస్తారు, మధ్యలో మానేయకూడదనే బాండ్ ఉందా, ఉంటే ఎంత కాలం?