తూము ఎత్తాక మడవ తిప్పాలి
(కడపలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలూ, అందరికీ నమస్కారం.

మీలో కొందరికి కేసీ కాలువ కింద మడి ఉండే ఉంటుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు కాలువలోకి మళ్ళుతాయి. కాలువ నిండుగా పారుతున్నా మన మడి తడవాలంటే రెండు పనులు జరగాలి. అక్కడ తూము ఎత్తాలి, ఇక్కడ మడవ తిప్పాలి. ఏ ఒక్కటి మరిచినా పైరు ఎండుతుంది. డిస్కులన్నీ ఒకచోట పెట్టి సర్వర్లకు పంచే స్టోరేజ్ నెట్‌వర్క్‌లో సర్వర్‌కి డిస్క్ అందడమూ ఇంతే.

సర్వర్‌ని ఆ నెట్‌వర్క్‌కి కలిపే హెచ్‌బీఏ అనే కార్డు సర్వర్‌లో ఉంటుంది. దాని ప్రతి పోర్టుకూ 64 బిట్ల పేరు ఒకటి ఉంటుంది. దాన్ని డబ్ల్యూడబ్ల్యూపీఎన్ (వరల్డ్ వైడ్ పోర్ట్ నేమ్) అంటాం. రాస్తే 16 హెక్స్ అక్షరాలు. ఫైబర్ కేబుల్ పెట్టగానే ఆ పోర్టు స్విచ్‌లో లాగిన్ అవుతుంది. స్విచ్ దానికి 24 బిట్ల అడ్రస్ ఇస్తుంది, పేరు స్విచ్‌లోని నేమ్ సర్వర్ అనే పట్టీలో నమోదవుతుంది. లైటు వెలుగుతుంది. అయినా డిస్క్ రాదు. కొత్తగా చేరినవాళ్ళు కేబుళ్ళు మార్చి మార్చి అలిసిపోయేది ఇక్కడే.

స్విచ్‌లో సర్వర్ పోర్టునూ స్టోరేజ్ పోర్టునూ ఒక జోన్‌లో, అంటే ఒకదాన్నొకటి చూడగలిగే గుంపులో, కలపాలి. అది తూము. తర్వాత స్టోరేజ్‌లో ఆ పేరుతో సర్వర్‌ని హోస్ట్‌గా చేర్చి, ఫలానా లన్ (స్టోరేజ్ పంచే డిస్క్ ముక్క) ఈ హోస్ట్‌దని మ్యాప్ చేయాలి. అది మడవ. ఒక జోన్‌లో ఒక్క సర్వర్ పోర్టే ఉండాలని నేను పట్టుబడతాను. అప్పుడు ఒక సర్వర్ రీబూట్ అయితే ఆ అలజడి పక్క సర్వర్‌కి తగలదు. ఇదంతా రెండు వేర్వేరు ఫ్యాబ్రిక్‌లలో, అంటే స్విచ్‌ల వలల్లో, చేస్తాం. ఒక్కో వైపు ఒక సర్వర్ పోర్టు, రెండు స్టోరేజ్ పోర్టులుంటే మొత్తం నాలుగు దారులు. ఒకే డిస్క్ నాలుగుసార్లు కనబడితే బెదరకండి, మల్టీపాత్ సాఫ్ట్‌వేర్ దాన్ని ఒకటిగా చూపిస్తుంది.

నా కళ్ళ ముందు జరిగింది చెబుతాను. ఒకచోట డేటాబేస్ సర్వర్‌లోంచి పాత కార్డు తీసి టెస్ట్ సర్వర్‌లో బిగించారు. పేరు యంత్రానిది కాదు, కార్డుది. కార్డుతో పాటే పోయింది. జోనూ మ్యాపింగూ ఎవరూ తీసేయలేదు. టెస్ట్ సర్వర్ తెరిచిన కుర్రాడికి కొత్త డిస్క్ కనబడింది, ఫార్మాట్ చేశాడు. అవతల డేటాబేస్ కుప్పకూలింది. బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చేసరికి తెల్లారింది. ఆ కుర్రాడి ముఖం నేనింకా మరిచిపోలేదు. తప్పు అతనిది కాదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా: కార్డు తీసేముందు మడవ కట్టేయండి, తూము దించండి.

ఇంకో చిక్కు. పోర్ట్ పేరుతో పాటు నోడ్ పేరని ఇంకోటి ఉంటుంది. క్యూలాజిక్ కంపెనీ కార్డుల్లో మామూలుగా నోడ్ పేరు 20తో, పోర్ట్ పేరు 21తో మొదలవుతాయి. మిగతాదంతా ఒకేలా ఉంటుంది. మనకు కావలసింది 21.

ఇదిగో, కార్డు తెచ్చాను. ముందు బల్ల నుంచి చేతులు మారుస్తూ వెనక్కి పంపండి. స్టిక్కర్ మీద పేరు ఒకరు చదవండి, పక్కవాళ్ళు రాయండి, రాసింది మళ్ళీ చదివి వినిపించండి.