స్టార్లు చూసి మాత్ర మింగొద్దు

వేదిక మీది పెద్దలకు నమస్కారం. ఇంత ఎండలో బెజవాడ ఫార్మసీ పిల్లలు, తల్లిదండ్రులు వచ్చి కూర్చున్నారు. నేరుగా విషయంలోకి వస్తాను.

ఆన్‌లైన్‌లో మత్తుమందు అమ్మేవాడికీ స్టార్లుంటాయి. 2013లో అమెరికా మూయించిన సిల్క్ రోడ్ అనే ఆన్‌లైన్ మత్తుమందుల సంత నాటి నుంచీ ఇదే పద్ధతి. ఆ స్టార్లు దేనికి? పార్సిల్ టైముకొచ్చిందా, మత్తెక్కిందా, అంతే. లోపల ఏముందో, ఎన్ని మిల్లీగ్రాములుందో కొన్నవాడికి తెలీదు, చాలాసార్లు అమ్మినవాడికీ తెలీదు. ప్రాణం పోయినవాడి మాట ఆ రేటింగులో ఉండదు.

మీ ల్యాబ్ సంగతే చూడండి. మాత్రలో మందు 10 మిల్లీగ్రాముల లోపుంటే 10 మాత్రలు విడివిడిగా పరీక్షిస్తాం. ఒక్కోదాంట్లో 85 నుంచి 115 శాతం మధ్య ఉండాలంటాం. ఎందుకంత పట్టింపు? రవ్వంత మందు, బోలెడు పిండి. సరిగా కలవకపోతే పులిహోరలో ఇంగువ ముద్ద ఒకచోటే ఉండిపోయినట్టు, మందంతా ఒక్క మాత్రలోకే చేరుతుంది. ఫెంటనిల్ అనే నొప్పి మందు మార్ఫిన్ కంటే 50 నుంచి 100 రెట్లు బలమైంది. అలవాటు లేనివాడి ప్రాణం తీయడానికి 2 మిల్లీగ్రాములు చాలు. దొంగచాటుగా మాత్రలు తయారుచేసేచోట ఆ పరీక్ష ఎవరు చేస్తారు? నిన్నటి మాత్ర ఏమీ చేయలేదని అదే కవర్లోని ఇవాళ్టి మాత్రని ఎలా నమ్ముతారు?

టెస్టింగ్ కిట్ ఉంది కదా అంటారు. ఆ కిట్‌లోని మార్క్విస్ అనే రసాయనం చుక్క వేస్తే నల్లబడింది, ఎండీఎంఏ, అంటే ఎక్స్‌టసీ అనే మత్తుమందు, ఉండొచ్చు. ఎంతుందో చెప్పదు. ఆ నలుపు చాటున ఇంకేముందో చెప్పదు. దాన్ని పోలిన పీఎంఎంఏ అనే ఇంకో మత్తుమందు ఉంటే మత్తు ఆలస్యంగా ఎక్కుతుంది. పనిచేయట్లేదని ఇంకోటి వేసుకుంటారు. ఒళ్లు కాలిపోతుంది. అసలే మన మే నెల.

ఇక్కడ ఆగి ఒకటి అడుగుతా. స్నేహితుడు గురక పెడుతున్నాడు, లేపితే లేవడం లేదు. పడుకోనిస్తారా? పడుకోనివ్వొద్దు! గొంతులో గరగర, నీలం పెదాలు, సూదిమొనంత కంటిపాప, నిమిషానికి పది శ్వాసలు కూడా లేకపోవడం, ఇది నిద్ర కాదు, మత్తు మోతాదు మించింది. 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతుంటే ఎడమ పక్కకి తిప్పి, పైకాలు మడిచి పడుకోబెట్టండి. మజ్జిగ, నిమ్మరసం నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఏం మింగాడో దాచకండి. మిగిలిన మాత్ర కవరుతో సహా డాక్టరుకివ్వండి. ఫెంటనిల్, మార్ఫిన్ లాంటి మత్తుకి విరుగుడైన నాలోక్సోన్ ఇచ్చాక లేచి కూర్చున్నా ఇంటికి తీసుకుపోకండి. అది 30 నుంచి 90 నిమిషాల్లో దిగిపోతుంది, లోపలున్న మత్తు మళ్లీ ఊపిరి ఆపేయొచ్చు.

కేసవుతుందని భయపడి స్నేహితుణ్ణి ఆస్పత్రి గేటు దగ్గర వదిలేసి పోకండి, మీకు దణ్ణం పెడతాను. అమ్మా, నాన్నా, మీకూ చెప్తున్నా, పిల్లాడు నోరు విప్పితే ముందు కొట్టకండి. మాన్పించే దారి ఉంది. హెల్ప్‌లైన్ 14446. ఫోన్లు తీయండి, నంబరు ఎక్కించుకునేదాకా నేను ఆగుతాను.