దానిమ్మ తోట కాపలావాడు: ఇబ్రహీం ఇబ్న్ అద్‌హమ్ రాజా, కూలీయా?

"అబూ బెన్ ఆదెమ్" అనగానే మీలో కొందరికి బడిలో బట్టీపట్టిన ఇంగ్లిష్ పద్యం గుర్తొచ్చుంటుంది. వెన్నెల రాత్రి, గదిలో దేవదూత, చేతిలో బంగారు పుస్తకం. దేవుణ్ణి ప్రేమించేవాళ్ల పేర్లు రాసుకుంటున్నాడు. అందులో మనవాడి పేరు లేదు. "సరే, తోటి మనుషుల్ని ప్రేమించేవాడినని రాసుకో" అన్నాడు. మర్నాటి రాత్రి చూస్తే జాబితాలో అతనే మొదటివాడు. పరీక్షలో సారాంశం రాసేసి అక్కడితో వదిలేశాం.

ఆ మనిషి నిజంగా ఉన్నాడండీ. పేరు ఇబ్రహీం ఇబ్న్ అద్‌హమ్, తొలితరం సూఫీ. ఎనిమిదో శతాబ్దం. ఊరు బల్ఖ్, ఇప్పటి అఫ్గానిస్తాన్‌లో ఉంది. ఈ మాట చెప్పడం ఆలస్యం, ఎవరో ఒకరు అందుకుంటారు: "ఆఁ, తెలుసు, సింహాసనం వదిలేసిన బల్ఖ్ సుల్తాన్ కదా, ముస్లిం బుద్ధుడు!" ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్లు మండేది.

ఒకటి, అతను పుట్టేనాటికి బల్ఖ్ ఉన్న ఖురాసాన్ ప్రాంతమంతా ఉమయ్యద్ వంశపు ఖలీఫాలు పంపిన గవర్నర్ల కింద ఉంది. పాలకులు సుల్తాన్ అని బిరుదు పెట్టుకోవడం ఇంకో రెండొందల ఏళ్లకి పైగా గడిచాకి ముచ్చట. అక్కడ స్థిరపడిన అరబ్ కుటుంబంలో పుట్టినవాడు, బహుశా ఉన్నవాళ్లే. పాత గ్రంథాలు "రాజుల బిడ్డ" అన్నాయి, తర్వాతివాళ్లు ఏకంగా కిరీటం పెట్టేశారు. బుద్ధుడి పోలిక పూర్తిగా గాల్లోంచి రాలేదులెండి. బల్ఖ్‌లో నవ విహారమనే పేరున్న బౌద్ధారామం ఉండేది, ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ చూసి వెళ్లాడు. ఆ నేల మీది కథ ఇతనికి అంటుకుని ఉండొచ్చని కొందరు పండితుల ఊహ.

అంతకన్నా పెద్ద చిరాకు ఇంకోటుంది. అందరూ అతను వదిలేసిన రాజ్యం గురించే మాట్లాడతారు. తర్వాత అతను ఏం తిన్నాడు, ఆ తిండి ఎలా సంపాదించాడు? ఎవరూ అడగరు.

సిరియా వైపు వెళ్లి కూలి చేశాడు. కోతలకి వెళ్లాడు, పిండి విసిరాడు, తోటలు కాశాడు. నాకు ప్రాణమైన కథ ఆ తోటదే. యజమాని వచ్చి "తియ్యటి దానిమ్మలు కోసుకురా" అన్నాడు. ఇతను తెచ్చినవన్నీ పులుపు. "ఇన్నాళ్లుగా ఇక్కడే ఉన్నావు, ఏ చెట్టు కాయ తీపో తెలీదా?" అంటే, "నన్ను పెట్టుకుంది కాపలాకి, రుచి చూడ్డానికి కాదు కదా" అన్నాడట.

మన దగ్గర మామిడితోట కాపలాకి ఉన్న మనిషి సీజనంతా ఒక్క కాయ కొరకలేదంటే ముందు యజమానే నవ్వుతాడు. జుహ్ద్ అనే అరబీ మాటని మనం వైరాగ్యం అనేసి అడవులూ గుహలూ ఊహించుకుంటాం. ఇతను తోటలోనే ఉన్నాడు. చెయ్యి చాస్తే కాయ. రాజ్యం వదలడానికి ఒక పూట చాలు, దానిమ్మ కాపుకొచ్చాక రోజూ దాని కిందే పడుకోవాలి! ఇంకో కథనంలో ఆ యజమాని "అబ్బో, నువ్వేదో ఇబ్రహీం ఇబ్న్ అద్‌హమ్ అయినట్టు!" అని వెక్కిరిస్తాడు. అంతే, మనవాడు ఆ పని మానేసి వెళ్లిపోయాడు. ఆ పేరూ ఒక దానిమ్మకాయే. కొరకలేదు.

మరి కూలి డబ్బులు? సహచరుల ఉపవాస విరమణకే. ఒకరోజు అతను పని నుంచి రావడం ఆలస్యమైందని వాళ్లు కోపంగా తినేసి పడుకున్నారు, ఈసారైనా తొందరగా వస్తాడని. ఇతను వచ్చి చూసి, పాపం తిండి దొరక్క నిద్రపోయారనుకుని, పిండి కలిపి, గడ్డం నేలకానేలా వంగి నిప్పు ఊదుతున్నాడు. లేచి చూసి సిగ్గుపడ్డారు. పదకొండో శతాబ్దపు సూఫీ పండితుడు ఖుషైరీ గ్రంథంలో ఉందిది.

ఇప్పుడు ఆ పద్యానికి వద్దాం. ఫారసీ కవి అత్తార్ చెప్పిన కథలో ఇతను అడిగేది "దేవుడి స్నేహితులకి స్నేహితుణ్ణి" అని రాయమని. దాన్ని "తోటి మనుషులు"గా మార్చింది ఇంగ్లిష్ కవి లీ హంట్, పందొమ్మిదో శతాబ్దంలో. మార్పు చిన్నది కాదు, మూలంలో దేవుడు మధ్యలోంచి తప్పుకోడు. కానీ ఆ పిండి కలిపిన రాత్రి తెలిశాక హంట్‌ని తిట్టబుద్ధి కాదు నాకు.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తాను. 778 ప్రాంతంలో పోయాడు, బైజాంటియన్ల (తూర్పు రోమన్ల) మీద సముద్ర దండయాత్రలో అంటారు. సమాధి సిరియా తీరంలో జబ్లాలో ఉంది, మాదంటే మాదని ఇంకొన్ని ఊళ్లూ అంటాయి. శిష్యుల్లో షఖీక్ బల్ఖీ పేరు గుర్తుపెట్టుకోండి, ఆయనకి వేరే వీడియో కావాలి. కథలు మలయ్ భాష దాకా వెళ్లాయి, అక్కడా సుల్తానే, ఏం చేస్తాం. చిష్తీలనే సూఫీ శాఖ గురుపరంపరలో ఇతని పేరుంది: హసన్ బస్రీ, అబ్దుల్ వాహిద్, ఫుదైల్, ఆ తర్వాత ఇబ్రహీం. అదే వరస అజ్మీర్ మొయినుద్దీన్ దాకా, ఢిల్లీ నిజాముద్దీన్ దాకా వస్తుంది. మన హైదరాబాద్ నాంపల్లిలో యూసుఫైన్ దర్గా ఉంది చూశారా, అక్కడి ఇద్దరూ చిష్తీలే. ఆ షజరాలో, అంటే గురువుల వరసలో, పైకి పైకి వెళ్తే మన కాపలావాడు తగులుతాడు.

లండన్‌లో లీ హంట్ సమాధి మీద కూడా ఆ పద్యంలోని పాదమే చెక్కారు, తను మార్చిన పాదమే.