ఎపిసోడ్ 31: అయస్కాంతం లేని గ్రహాలు, మళ్ళీ గొడుగు గొడవ

సుజాత: నమస్కారం. ఈ వారం శుక్రుడు, అంగారకుడు. సొంత అయస్కాంత క్షేత్రం లేని గ్రహానికి సౌర పవనం ఎదురైతే ఏం జరుగుతుందో చూద్దాం. రమణన్నా, 'అయస్కాంత క్షేత్రం గాలిని కాపాడే గొడుగు' అన్న ఆ మాట జోలికి ఈసారి పోవద్దు.

రమణ: నేను పోను. నువ్వే తెస్తావు.

సుజాత: సరే. సౌర పవనమంటే సూర్యుడి నుంచి వీచే కణాలు, ముఖ్యంగా ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు. వేగం సెకనుకు 400 కిలోమీటర్లు అనుకుందాం. సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని కూడా తనతో మోసుకొస్తుంది. అంగారకుడి దగ్గరికొచ్చేసరికి ఆ క్షేత్రం బలం సుమారు 3 నానోటెస్లాలు. ఇటు గ్రహం వైపు, అతినీలలోహిత కాంతికి అయాన్లుగా విడిపోయిన గాలిపొర ఉంటుంది, అదే అయనోస్ఫియర్. దాంట్లో కరెంటు పారుతుంది. వచ్చిన క్షేత్రం ఆ పొరలో కరెంట్లు పుట్టిస్తుంది, ఆ కరెంట్లే దాన్ని లోపలికి రానివ్వవు. ఇక క్షేత్రరేఖలు ముందువైపు పేరుకుని, రెండు పక్కలనుంచి వెనక్కి సాగుతాయి. ఏట్లో రాయికి తగులుకున్న నాచు పోగుల్లాగా.

రమణ: ఎంత పేరుకుంటాయో కూడా చెప్పాలి.

సుజాత: వచ్చేసింది ఒత్తిడి లెక్క.

రమణ: అది లేకపోతే మిగతాదంతా ఉత్త మాటే. ఘన సెంటీమీటరుకు రెండున్నర ప్రోటాన్లు తీసుకో. సాంద్రతను వేగవర్గంతో గుణిస్తే 0.67 నానోపాస్కల్. దాన్ని ఆపడానికి కావలసిన క్షేత్రం 41 నానోటెస్లాలు. క్షేత్రాన్ని కొలిచే పరికరం, మాగ్నెటోమీటర్, అక్కడ చూపించేదీ ఆ చుట్టుపక్కలే. 3 తో వచ్చింది పదమూడు రెట్లు దాటింది. పవనం తెచ్చిన క్షేత్రమే పవనాన్ని ఆపింది!

సుజాత: దానికి ముందు బో షాక్, అంటే పవనం ఒక్కసారిగా నెమ్మదించే సరిహద్దు. అంగారకుడి కేంద్రం నుంచి సుమారు 1.6 వ్యాసార్థాల దూరంలో, శుక్రుడికైతే ఇంకా దగ్గరగా. అంటే గొడుగు లేకపోయినా...

రమణ: అన్నావు గొడుగని! జరిమానా డబ్బాలో వేసెయ్.

సుజాత: వేస్తాను. కానీ ఇవాళ వాదిస్తాను. అంగారకుడి గాలిని కొలవడానికి నాసా పంపిన నౌక మావెన్. దాని కొలతల ప్రకారం అక్కడి నుంచి సౌర పవనం సెకనుకు 100 గ్రాముల దాకా గాలిని ఎత్తుకుపోతోంది. ఆర్గాన్ ఐసోటోపుల, అంటే దాని తేలిక, బరువు రకాల నిష్పత్తి చూస్తే, ఒకప్పటి ఆర్గాన్‌లో దాదాపు 65 శాతం పోయింది. క్షేత్రం ఉండుంటే ఇంత పోయేదా?

రమణ: భూమికి క్షేత్రం ఉందిగా, అక్కడ చూడు. ధ్రువాల నుంచి పైకెగసే ఆక్సిజన్ అయాన్లు సెకనుకు 1 పక్కన 25, 26 సున్నాలు. నీ 100 గ్రాములను ఆక్సిజన్ అయాన్లుగా మార్చు. 4 పక్కన 24 సున్నాలు కూడా రావు.

సుజాత: భూమి పెద్దది, సూర్యుడికి దగ్గరిది. పోలిక సమంగా లేదు.

రమణ: అందుకే మళ్ళీ ఒత్తిడి దగ్గరికి రా. భూమి దగ్గర ఘన సెంటీమీటరుకు 6 ప్రోటాన్లు, ఒత్తిడి 1.6 నానోపాస్కల్, ఆపడానికి 63 నానోటెస్లాలు కావాలి. భూమధ్యరేఖ దగ్గర నేల మీద 31,000 ఉంది, దూరం ఘనంలో తగ్గుతుంది. 10 వ్యాసార్థాల దగ్గర 31. అంచున పారే కరెంట్ల వల్ల అది రెట్టింపై 62. సరిగ్గా అక్కడే పవనం ఆగుతుంది. అంటే అడ్డుపడే వెడల్పు గ్రహం కంటే పది రెట్ల పైమాట, వైశాల్యం వంద రెట్ల పైమాట. అంత పెద్ద తెరచాప పట్టుకున్న శక్తిలో కొంత ధ్రువాల మీద దిగి అయాన్లను పైకి తోస్తుంది.

సుజాత: పైకెగసినవన్నీ పోయినట్టేనా? చాలావరకు భూమి క్షేత్రం వెనకవైపు సాగిన తోకలోకి పోయి, రేఖలు తెగి అతుక్కునే చోట భూమివైపే తిరుగుతాయి. ఎగసిన లెక్కను పోయిన లెక్కగా చెప్పడం తప్పు. ఇది మీకు మూడోసారి చెబుతున్నాను.

రమణ: ...తప్పే. తిరిగొచ్చేవి తీసెయ్యాలి. కానీ ధ్రువం దగ్గరే బాగా వేడెక్కినవి తోకదాకా పోకుండా బయటి ప్రవాహంలో కలిసిపోతాయి. అవి రావు.

సుజాత: ఒప్పుకుంటాను. మరి అంగారకుడి దగ్గర పవనం ఎత్తుకుపోయే అయాన్ల మాట?

రమణ: అది నిజమే. అయానైన ఆక్సిజన్ 3 నానోటెస్లాల్లో, 400 కిలోమీటర్ల వేగంతో తిరిగే వలయం వ్యాసార్థం 22,000 కిలోమీటర్లు. గ్రహం వ్యాసార్థం 3,390. వలయం పూర్తి కాకముందే బయటపడిపోతుంది. కానీ తటస్థ ఆక్సిజన్ సంగతి చూడు. రెండు పరమాణువుల ఆక్సిజన్ అయాను ఎలక్ట్రాన్‌ను పట్టుకుని విడిపోతే ఒక్కో పరమాణువుకు మూడున్నర ఎలక్ట్రాన్ వోల్టుల దాకా శక్తి వస్తుంది. అంగారకుడిని వదిలి పోవడానికి సుమారు 2 చాలు. ఛార్జి లేనిదాన్ని ఏ క్షేత్రం ఆపుతుంది?

సుజాత: శుక్రుడి మీదైతే 9 దాకా కావాలి కాబట్టి అక్కడ ఈ దారి మూసుకుపోయింది. బాగుంది. డబ్బాలో వెయ్యను.

రమణ: వెయ్యక్కర్లేదు.

సుజాత: శుక్రుడి గురించి చెప్పాల్సింది చాలా మిగిలింది. 1978లో శుక్రుడిని చేరిన పయనీర్ వీనస్ నౌక చూసిందేమిటంటే, సూర్యుడు ఉధృతంగా ఉన్నప్పుడు అక్కడ అయనోస్ఫియర్ ఒత్తిడే పవనాన్ని ఆపగలదు. లోపల క్షేత్రం దాదాపు ఉండదు, తాళ్ళలా మెలితిరిగిన సన్నని పాయలు తప్ప. అంగారకుడిలో దక్షిణార్ధగోళపు రాళ్ళలో పాత అయస్కాంతత్వం ఉంది, అది గ్రహంతోపాటే తిరుగుతూ రోజంతా సరిహద్దును ఎగుడుదిగుడు చేస్తుంది.

రమణ: కొలతల్లో జరిగే పొరపాటు కూడా చెప్పు.

సుజాత: చల్లటి అయాన్లు, అంటే శక్తి తక్కువున్నవి. ఎండకి నౌక ఎలక్ట్రాన్లు కోల్పోయి పాజిటివ్ అవుతుంది. 5 వోల్టులు ఎక్కితే 5 ఎలక్ట్రాన్ వోల్టుల లోపు అయాన్లు పరికరం దాకా రానే రావు. అవి లెక్కలో పడవు, నష్టం తక్కువగా కనిపిస్తుంది. అంగారకుడి దగ్గరికి యూరప్ పంపిన మార్స్ ఎక్స్‌ప్రెస్ నౌకలో మాగ్నెటోమీటరే లేదు. అయాన్లు ఎటు పోతున్నాయో తెలిసినా, ఆ క్షణంలో పవనపు క్షేత్రం ఎటుందో దానికి తెలియదు.

రమణ: 2022 డిసెంబరులో పవనం సాంద్రత వందో వంతుకు పడిపోయినప్పుడు మావెన్ అక్కడే ఉంది. అంగారకుడి మాగ్నెటోస్ఫియర్, అంటే చుట్టూ పేరుకున్న ఆ క్షేత్రపు ప్రాంతం, మూడు రెట్లకు పైగా ఉబ్బింది.

సుజాత: లెక్క.

రమణ: ఒత్తిడి వందో వంతైతే ఆపడానికి కావలసిన క్షేత్రం పదో వంతు. 41 బదులు 4. మామూలు రోజున పవనంలోనే 3 ఉంటుంది.

సుజాత: అంటే పేరుకోవాల్సిన పనే లేదు!

రమణ: లేదు.

సుజాత: ఆగండి, అయనోస్ఫియర్ సొంత ఒత్తిడి కూడా కలపాలి కదా. పగటివైపు అదేమీ తగ్గలేదు.

రమణ: కలుపు. ఘన సెంటీమీటరుకు లక్ష ఎలక్ట్రాన్లు, అయాన్లకూ ఎలక్ట్రాన్లకూ కలిపి 400 కెల్విన్లు వేసుకో...

సుజాత: 0.55 నానోపాస్కల్. పవనం ఒత్తిడి 0.0067.

రమణ: అందుకే అయనోస్ఫియర్ కూడా పైకి లేచింది.