మొదటి పైథాన్ ప్రాజెక్ట్‌గా ఖాళీల కథ గేమ్: తెలుగులో చేస్తే ఎలా ఉంటుంది?

నమస్తే అండీ. ఈరోజు రివ్యూ చేస్తున్నది ఫోనూ కాదు, యాపూ కాదు, ఒక ప్రాజెక్ట్. కోడింగ్ కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళ చేత చాలా కోర్సుల్లో మొదట్లోనే చేయించే ఖాళీల కథ గేమ్. ప్రోగ్రామ్ మిమ్మల్ని కొన్ని మాటలు అడుగుతుంది. కథేమిటో చెప్పదు. మీరు తోచింది టైప్ చేస్తారు. అన్నీ అయ్యాక ఆ మాటల్ని కథలో పెట్టి చూపిస్తుంది. బామ్మ గారు చంద్రమండలానికి బయలుదేరి, దారిలో గేదెతో గొడవపడి, చీపురుతో పళ్ళు తోముకుంటారు. ఇంట్లో పిల్లలుంటే ఆ నవ్వులు మీకే వినిపిస్తాయి.

ఈ ఆట కంప్యూటర్ కోసం పుట్టింది కాదు. అమెరికాలో లెనార్డ్ స్టెర్న్, రోజర్ ప్రైస్ అనే ఇద్దరు రచయితలు 1953లో దీన్ని కనిపెట్టారు, 1958లో మ్యాడ్ లిబ్స్ పేరుతో పుస్తకంగా తెచ్చారు. కోడింగ్ పాఠాల్లోకి వచ్చినా ఇంగ్లీష్ పద్ధతి అలాగే ఉండిపోయింది: ఒక నామవాచకం చెప్పు, ఒక విశేషణం చెప్పు, ఒక క్రియ చెప్పు. దీన్ని తెలుగులో చేస్తే నిలబడుతుందా? నేను చూడాలనుకున్నది అదే.

ముందు కోడ్ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది నిజంగా చిన్నది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇన్‌పుట్ అనే ఫంక్షన్ ప్రశ్న అడిగి జవాబు తెస్తుంది. ఆ జవాబుని ఒక వేరియబుల్‌లో దాచుకుంటాం, పేరు రాసిన డబ్బాలో వేసి పెట్టుకున్నట్టు. కథని ఎఫ్ స్ట్రింగ్‌లో రాసి, మాట రావాల్సిన చోట మీసాల బ్రాకెట్లలో వేరియబుల్ పేరు పెడతాం. ఎఫ్ స్ట్రింగ్ 2016 చివర్లో, పైథాన్ 3.6 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు ప్లస్ గుర్తులతో ముక్కలు అతికించేవాళ్ళు, పాత వీడియోల్లో ఇంకా అదే కనిపిస్తుంది. దాన్ని వదిలేయండి. ఇంకో మంచి విషయం, పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. స్క్రీన్ మీద చూడండి, ఊరు, పేరు, జంతువు అని రాశాను, చక్కగా నడుస్తోంది.

ఇప్పుడు అసలు చిక్కు. వాడు ఫలానా చోటికి వెళ్ళాడు అని రాయాలి. ఖాళీ పెట్టి, దాని పక్కనే 'కి' అతికించాను. ఆడేవాళ్ళు 'గుడి' అంటే 'గుడికి', బాగుంది. 'ఇల్లు' అంటే 'ఇల్లుకి' వెళ్ళాడట! మనం 'ఇంటికి' అంటాం. 'కన్ను' ఇస్తే 'కంటికి' కావాలి. బడిలో ఔపవిభక్తికాలు అని చదువుకున్నాం గుర్తుందా, అవే ఇవి. బహువచనం ఇంకా కష్టం. జంతువు పేరుకి 'లు' చేర్చితే కుక్కలు సరే, గుర్రం దగ్గర 'గుర్రంలు' అయి కూర్చుంటుంది. పులి 'పులిలు' అవుతుంది. ఇంగ్లీష్‌లో ముందు 'టు' అని రాసేసి ఖాళీ వదిలితే చాలు, మాట మారదు. మనకి మాటే మారిపోతుంది.

ఇంకోటి చూడండి. 'హైదరాబాద్' అని టైప్ చేసి 'కి' అతికిస్తే, పొల్లు దకారం కింద కకారం ఒత్తుగా చేరిపోయి చదవడానికి ఇబ్బందిగా తయారైంది. ఇది పైథాన్ తప్పు కాదు, అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లు వాడే యూనికోడ్‌లో పొల్లు తర్వాత హల్లు వస్తే కలిసిపోవడం మామూలే. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని అక్షరం పెడితే విడిపోతుంది. కోడ్‌లో బ్యాక్‌స్లాష్, యు, 200, సి. పరిష్కారం ఉంది కానీ, మొదటి రోజు పిల్లలకి ఇది చెప్పమంటే నాకే టెన్షన్.

వీటన్నిటికీ నాకు బాగా నచ్చిన దారి వేరే ఉంది. నామవాచకం చెప్పు అని అడగడం మానేయండి. ఎక్కడికి? ఎవరితో? దేంతో? ఎప్పుడు? ఇలా అడగండి. 'ఎక్కడికి' అని అడిగితే మనవాళ్ళెవరూ 'ఇల్లు' అనరు, 'ఇంటికి' అనే అంటారు. విభక్తి ప్రశ్నలోనే ఉంది కాబట్టి జవాబులోకీ దానంతట అదే వచ్చేస్తుంది. అతికించే పని లేదు, ఆ ఒత్తు గొడవా లేదు. వ్యాకరణం పేర్లు తెలియని రెండో తరగతి పిల్ల కూడా ఆడగలదు. ఇంగ్లీష్ పాఠాన్ని దించుకోకుండా మన భాషకి తగ్గట్టు ఆట కడితే, కోడ్ ఇంకా చిన్నదైంది. ఈ ప్రాజెక్ట్‌లో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది ఇదే.

మిగిలింది వెళ్ళాడా, వెళ్ళిందా అనే సమస్య. పేరు పక్కన 'గారు' పెట్టి 'వెళ్ళారు' అనండి. తాతయ్య గారు వెళ్ళారు, పిల్లి గారు వెళ్ళారు. అందరికీ సరిపోతుంది, పైగా పిల్లి గారు అనగానే పిల్లలు నవ్వుతారు.

అంకెల దగ్గర జాగ్రత్త. ఇన్‌పుట్ తెచ్చేది ఎప్పుడూ అక్షరాలే. ఎన్ని లడ్డూలు అని అడిగి, దాన్ని రెండింతలు చేద్దామని 5కి 5 కలిపితే 55 వస్తుంది. ముందు ఇంట్ అనే ఫంక్షన్‌తో సంఖ్యగా మార్చాలి. ఆ ఇంట్ మన తెలుగు అంకె ౫ ఇచ్చినా 5 అనే తీసుకుంటుంది. 'ఐదు' అని అక్షరాల్లో రాస్తే మాత్రం ఎర్రర్ చూపించి ఆగిపోతుంది.

ఎక్కడ రాయాలి? విండోస్‌లో పాత కమాండ్ ప్రాంప్ట్ వద్దు, తెలుగు డబ్బాలుగా కనిపించే అవకాశం ఎక్కువ. గూగుల్ కోలాబ్ వాడండి. బ్రౌజర్‌లో నడుస్తుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్‌లో కూడా పని జరుగుతుంది. కాస్త చిన్న పిల్లలైతే, బ్లాకులు అతికించి ప్రోగ్రామ్ చేసే స్క్రాచ్ మంచిది. అక్కడ ప్రశ్న అడిగే బ్లాక్ ఉంది కానీ జవాబు దాచే చోటు ఒక్కటే. రెండో ప్రశ్న అడగగానే మొదటి జవాబు పోతుంది. అందుకని ప్రతి జవాబునీ వెంటనే వేరియబుల్‌లోకి మార్చుకోవాలి. వేరియబుల్ ఎందుకో పిల్లలకి అర్థమవ్వడానికి ఇంతకన్నా మంచి చోటు నేను చూడలేదు. జాయిన్ బ్లాక్ మాత్రం ఒకేసారి రెండు ముక్కల్నే కలుపుతుంది, కాబట్టి పొడుగు కథకి ఒకదాంట్లో ఒకటి దూర్చుకుంటూ పోవాలి. అక్కడ విసుగొస్తుంది.

నా మార్కులు ఐదుకి నాలుగు. ఒకటి ఎందుకు తగ్గించానంటే, ఇందులో షరతులు లేవు, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే లూప్ లేదు, రెండుసార్లు ఆడాక కథ తెలిసిపోతుంది. అందుకని ఇక్కడితో ఆపకండి. మూడు కథలు రాసి ఒక లిస్ట్‌లో పెట్టండి, ర్యాండమ్ మాడ్యూల్‌లోని ఛాయిస్‌తో ప్రతిసారీ ఏదో ఒకటి తీయించండి. ఆ మూడు కథలూ మీ పిల్లల చేతే రాయించండి, ఖాళీలు ఎక్కడ పెట్టాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. నేను చూపించిన కోడ్ మొత్తం డిస్క్రిప్షన్‌లో పెట్టాను. మీ ఇంట్లో వచ్చిన కథల్ని కామెంట్లలో రాయండి, అన్నీ చదువుతాను.